ఈ మాట ఏ రీలుది?

మంచం బయటికి నెట్టేసి, గోడలకు బొంతలు కట్టి, కిటికీకి పరుపు ఆనించి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్న పడకగది అది. చప్పుడొస్తుందని ఫ్యాను కూడా కట్టేశారు. లోపల ముగ్గురున్నారు: కళాకారుల్ని కూర్చోబెట్టి మాట్లాడించే అమ్మాయి, సినిమాల్లో కథానాయికలకు గొంతు అరువిచ్చే ఆవిడ, ఆ గొంతును రికార్డు చేస్తూ చేస్తూ ఆవిడనే పెళ్లాడిన సౌండు ఇంజనీరు. గొంతు సంగతి ఎలా ఉన్నా, చెమటలు మాత్రం ముగ్గురికీ సొంతవే.

"...రాయికైనా వానొస్తే తడి తగులుతుంది. నా బతుక్కి ఆ తడి కూడా తెలీదు. అయినా నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను. ఎందుకంటే నా కన్నీళ్లు చూసే కళ్లు ఈ లోకంలో ఇంకా..."

"రెండో రీలు."

"అబ్బా, బావగారూ! అక్క ఎంత బాగా చెప్తున్నారు! మధ్యలో మీరేంటి?"

"బాగానే చెప్పింది. చెప్పి బావిలో దూకేస్తుంది. రెండో రీలు చివర."

"ఎవరు దూకేది?"

"హీరో చెల్లెలు. దూకిన చప్పుడు నేనే చేశాను, నీళ్ల బకెట్లో గుమ్మడికాయ పడేసి."

"అక్కా! నిజమేనా?"

"ఏమో తల్లీ. నువ్వు అడిగావు, నేను నోరు తెరిచాను, అదొచ్చింది."

"నేనడిగింది పొద్దున ఏం తిన్నారని! మైకు సరిచూసుకోడానికి!"

"దానికే కదా చెప్తున్నా."

"ఇంతకీ ఏం తిన్నారు?"

"ఏం తినలేదు. కంగారు."

"మరి ఆ ముక్కే చెప్పొచ్చుగా!"

"మరీ చిన్న ముక్క కదమ్మా. 'ఏం తినలేదు, కంగారు' అంటే ఎవరు వింటారు? పెదాలు తెరిచేలోపే అయిపోతుంది."

"వింటారక్కా. అది వినడానికే వస్తారు. సరే, మళ్లీ మొదటికొద్దాం. ఈ కార్యక్రమం పేరేంటి?"

"మీ మాట మీ నోట."

"ఎందుకు పెట్టాను?"

"కళాకారులు వచ్చి వాళ్ల కష్టం సుఖం వాళ్ల నోటితో చెప్పుకోడానికి."

"ఆఁ. వాళ్ల నోటితో."

"నోరు నాదేగా?"

"నోరు మీదేనక్కా. మాటలే ఎవరో రాసిచ్చినవి."

"అమ్మాయ్, ఆ ఎర్ర దీపం వెలుగుతోంది. రికార్డు తిరుగుతోందా?"

"తిరగనివ్వండి బావగారూ. నేను మధ్యలో ఆపను. తర్వాత అక్కర్లేనిది కోసేస్తాను."

"ఇంతవరకూ అయింది మొత్తం కోసెయ్యి."

"మీరు కాసేపు కుక్కిన పేనులా కూర్చుంటారా?"

"కూర్చున్నాగా. బొంతలు సరిపోవు ఈ గోడకి. అది వేరే సంగతి."

"అక్కా, ఆ నాటకాలాయన మిమ్మల్ని వేషానికి పిలిచి ఏమన్నారో ఒకసారి చెప్పండి. మైకు కోసం కాదు. నాకు చెప్పినట్టే చెప్పండి."

"ఏమన్నాడు? 'మీ గొంతు ఈ ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసమ్మా. మిమ్మల్నే ఎప్పుడూ వినలేదు' అన్నాడు."

"వేషం ఏంటన్నారు?"

"వేషం కాదుట. నేనే. స్టేజీ మీద ఒక్కర్తినే నిలబడి నా సంగతి నేనే చెప్పాలట. మొహం కనిపిస్తుందట! ఇన్నేళ్లుగా జాగ్రత్తగా చీకట్లో దాచుకున్న మొహం!"

"మాటలు?"

"ఆయన రాయడట. నేను చెప్పుకున్న మాటల్లోంచే నాటకం అల్లుతాడట. ముందు నీ కార్యక్రమంలో నా మాటలు విని చూస్తాడట. పనికొస్తే నేను. లేకపోతే ఇంకో ఆవిడ సిద్ధంగా ఉందట."

"సాయంత్రంలోపు పంపిస్తానని నేను ఆయనకి మాటిచ్చాను. పోనీ సినిమా మాటలే పంపిద్దామా అంటే..."

"ఆయన చూడని సినిమా లేదు తల్లీ. ఇట్టే పట్టేస్తాడు. ఈయన రీలు నంబరుతో పట్టేస్తారు, ఆయన పాట నంబరుతో పట్టేస్తాడు."

"మీకు కావాలా అక్కా ఈ నాటకం? నిజం చెప్పండి."

"కావాలి."

"ఎంత కావాలి?"

"మేఘం కోసం నెర్రెలిచ్చిన నేలంత..."

"ఐదో రీలు."

"చూశావా! 'కావాలి' అన్నంతవరకూ నాదే. ఆ తర్వాత ఎలా దూరిపోయిందో దూరిపోయింది!"

"ఫరవాలేదక్కా. ఒక్క మాటైతే వచ్చింది కదా. నా దగ్గరికి వచ్చినవాళ్లందరూ మొదట్లో ఇంతే. డ్యాన్సు చేసే ఆవిడ వచ్చిందా, ఏది అడిగినా తల ఊపింది. మైకు ముందు! తల ఊపితే ఎవరికి వినిపిస్తుంది? బొమ్మలు గీసే ఆయనైతే కాగితం అడిగి జవాబులన్నీ గీసిచ్చాడు. కార్యక్రమం అంతా పెన్సిలు గీతల చప్పుడే."

"అది విన్నాను. బాగుంది. గది మాత్రం మోగుతోంది."

"థ్యాంక్స్ బావగారూ, సగానికి. అక్కా, ఈ మధ్య పని ఎలా ఉంది? స్టూడియోకి వెళ్తున్నారా?"

"గొంతుకి కాస్త విశ్రాంతి ఇస్తున్నా."

"పిలవట్లేదు."

"విశ్రాంతి అన్నానుగా!"

"విశ్రాంతే. పిలవకపోవడం వల్ల."

"ఏమండీ!"

"అక్కా, అదే చెప్పండి. పిలవట్లేదని. చెప్పుకోడానికేగా ఈ కుర్చీ వేసింది. ఎలా ఉంటుంది ఫోను మోగకపోతే?"

"ఏముంటుంది... కొత్త హీరోయిన్లు, కొత్త గొంతులు. లోకం అన్నాక... ఇవాళ ఉక్కపోత ఎక్కువగా ఉంది కదూ?"

"నీళ్లు నమలకండి."

"నమల్లేదు. తాగుతానన్నా ఇవ్వలేదు నువ్వు."

"ఇదిగోండి, తాగండి. అసలు మీకు ఎక్కడ అడ్డు పడుతోంది?"

"పెదాల దగ్గర."

"అంటే?"

"నాకు ఎదురుగా తెర ఉండాలి. తెర మీద ఒక మొహం ఉండాలి. ఆ పెదాలు కదలాలి. అవి కదిలితే నాలో మాట తన్నుకొస్తుంది. ఎదురుగా పెదాలు లేకపోతే నాకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. ఎక్కడ ఆపాలో అసలే తెలీదు."

"అందుకేనా, నేను మాట్లాడుతుంటే మీ పెదాలు కదులుతున్నాయి?"

"కదులుతున్నాయా? అలవాటమ్మా. మా ఇంటికొచ్చిన చుట్టాలు వెక్కిరిస్తున్నాననుకుని వెళ్లిపోతారు."

"నయమే. చుట్టాలు తగ్గారు."

"బావగారూ! ఉండండి, నాకో ఉపాయం తట్టింది. అద్దం! అక్కా, ఇదిగో, నా అలమారా తలుపుకే ఉంది. ఇలా తిప్పుతాను. కనిపిస్తోందా? మీ మొహం, మీ పెదాలు. మీ పెదాలకి మీరే గొంతు ఇవ్వండి. ఇంకేం కావాలి?"

"భలేదానివే! ఇది బాగుంది."

"మొదలుపెట్టండి మరి."

"ఊఁ."

"..."

"..."

"అక్కా?"

"ష్! చూస్తున్నా."

"ఏం చూస్తున్నారు?"

"ఆవిడ మొదలుపెడుతుందేమోనని."

"ఎవరు?"

"అద్దంలో ఆవిడ."

"ఆవిడ మీరే అక్కా! మీరు మొదలుపెడితేనే ఆవిడ మొదలుపెడుతుంది!"

"అలా ఎలా కుదురుతుంది? ముందు పెదాలు కదలాలి, తర్వాత గొంతు. అదే పద్ధతి. నేను ముందు మాట్లాడేస్తే కలవదు. ఈయన వన్ మోర్ అంటారు."

"అంటాను."

"అనకండి! ఆవిడేమో మీకోసం చూస్తోంది, మీరేమో ఆవిడకోసం చూస్తున్నారు. ఇలా అయితే తెల్లారినట్టే!"

"మొండిది తల్లీ, ఆవిడ. చూడు ఎలా గుడ్లప్పగించి చూస్తోందో."

"నవ్వించకండక్కా, నాకు కడుపు నొప్పొస్తోంది. తీసేస్తున్నా అద్దం. ఈ వన్ మోర్ సంగతేంటి? బావగారు ఇంట్లో కూడా అంటారా?"

"ఇంట్లోనా? ఈయన నోట్లో ఉన్నవి రెండే మాటలు. బాగోకపోతే 'వన్ మోర్'. బాగుంటే 'తర్వాతిది'. అంతే. మిగతా ఇంజనీర్లు చక్కగా 'ఓకే' అంటారు. ఈయన అనరు. నేనింతవరకూ ఈయన నోట ఓకే వినలేదంటే నమ్ము. కూర ఎలా ఉందండీ అంటే 'తర్వాతిది' అని పళ్లెం ముందుకు తోస్తారు."

"కూర బాగున్నట్టే కదా."

"చూశావా! అదీ మెప్పు!"

"ఎందుకు బావగారూ, ఓకే అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"ఓకే అంటే అక్కడితో ఆగిపోతారమ్మాయ్. ఇంకా బాగా చెప్పగలరు కదా. ఆపడం ఎందుకు?"

"నాకిప్పుడు అర్థమైంది. అక్కకి అడ్డుపడుతున్నది తెరా కాదు, అద్దమూ కాదు. మీరు! పదండి బయటికి."

"నేనేం చేశాను?"

"ఏం చెయ్యలేదు. కూర్చున్నారు. మీరు అలా చెవి ఒకవైపు వంచి కూర్చుంటే నాకే మాట రావట్లేదు. వెళ్లి మెట్ల మీద కూర్చోండి. పైవాళ్లు మిక్సీ వేస్తే ఆపమని చెప్పండి."

"సరే. మైకు కొంచెం కుడికి జరుపు. 'స' అన్నప్పుడల్లా ఈల వేస్తోంది."

"జరుపుతాను. వెళ్లండి... వెళ్లారు. అక్కా, ఇప్పుడు మనిద్దరమే. బావగారు లేరు, రీళ్లు లేవు. మీ చిన్నతనం చెప్పండి. మీ అమ్మగారి గురించి చెప్పండి."

"అమ్మ..."

"ఊఁ. తొందరేం లేదు."

"అమ్మ అంటే నాకు గుర్తొచ్చేది ఒక్కటే తల్లీ. కుట్టుమిషను. పగలూ రాత్రీ తొక్కేది. మేం నిద్రపోయేవాళ్లం ఆ చప్పుడుకే. ఊళ్లో అందరికీ కొత్తబట్టలు కుట్టేది. మాకు మాత్రం మిగిలిన ముక్కలు."

"అయ్యో."

"ఒకరోజు స్కూలు నుంచి వచ్చాను. మిషను తిరుగుతూనే ఉంది. అమ్మ దాని మీద తల వాల్చింది. నిద్రపోతోందనుకున్నాను. 'అమ్మా, లే, నాకు ఆకలేస్తోంది' అన్నాను. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. అమ్మే ఆగిపోయింది."

"అక్కా..."

"ఆ చక్రం ఇప్పటికీ ఆగలేదు తల్లీ. ఇక్కడ, గుండెలో తిరుగుతూనే ఉంది."

"అక్కా, ఉండండి. కళ్లు తుడుచుకోనివ్వండి. ఇంత బాధ మోస్తూ ఇన్నేళ్లు... ఇది చాలు. నాటకాలాయన ఇది వింటే పరిగెత్తుకుంటూ వస్తారు. బావగారూ! బావగారూ, వచ్చెయ్యండి! అయిపోయింది!"

"ఏమైంది? ఎందుకు ఏడుస్తున్నావు?"

"అక్క వాళ్లమ్మగారి సంగతి చెప్పారు. పోయిన సంగతి."

"మా అత్తగారా?"

"ఆఁ."

"ఎప్పుడు పోయింది? ఇప్పుడే మెట్ల మీద ఉంటే ఫోను చేసింది. 'మా అమ్మాయి మాటలు ఎప్పుడొస్తాయి, మా వీధి వాళ్లందరినీ పోగేశాను' అంది."

"అక్కా, అలా దొంగకి తేలు కుట్టినట్టు కూర్చుంటే ఎలా? కుట్టుమిషనో?"

"కుట్టుమిషనా? అదో సినిమాలో ఆరో రీలు. ఆ చక్రం చప్పుడు నాదే. సైకిలు తలకిందులుగా పెట్టి పెడలు తిప్పాను. మా అత్తగారికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు."

"నా కన్నీళ్లు నాకిచ్చెయ్యండి! సైకిలు పెడలు కోసం ఏడ్చానా నేను?"

"తిట్టు తల్లీ. తిట్టు. కావాలని చెప్పలేదు. నువ్వు అంత ప్రేమగా అడిగితే, మా అమ్మ బొద్దుగా ఉంటుంది, పేకాట ఆడుతుంది, ఓడిపోతే ముక్కలు విసిరేస్తుంది అని ఎలా చెప్పను? నువ్వు కళ్లలో నీళ్లు పెట్టుకోడానికి సిద్ధంగా ఉన్నావు. ఎదుటి మొహం దేనికి సిద్ధంగా ఉంటే నాకు ఆ మాటే వస్తుంది."

"పేకాట సంగతే నాకు కావాలక్కా! అదే బంగారం!"

"అది బంగారమని నాకెవరు చెప్పారు? ... ఏమో తల్లీ. ఇందాకటి నుంచి నాకూ అదే అనిపిస్తోంది. లోపల తవ్వి చూస్తే అందరూ ఉన్నారు. పెళ్లికూతుళ్లు, విధవలు, మహారాణులు, దయ్యం పట్టినవాళ్లు. నేనే లేను. ఖాళీ ఇంట్లో అద్దెకున్నవాళ్ల సామాను చూస్తున్నట్టుంది. పోనీలే. ఆ ఇంకో ఆవిడకే ఇవ్వమను. నీకు శ్రమ."

"అలా అనకండి."

"లేదమ్మా. లేస్తాను. ఫ్యాను వేసుకో, పాపం, ఉడికిపోయావు."

"కూర్చోండక్కా. ఒక్కటే అడుగుతాను. ఆఖరిది. మీది ప్రేమ పెళ్లి కదా?"

"ఆఁ... అవును."

"ముందు ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు, నేనే. ఈయన చెప్తారా? ఈయన చెప్పేదాకా ఆగితే ఇప్పటికీ క్యాంటీన్‌లోనే ఉండేదాన్ని."

"క్యాంటీన్‌లో చెప్పారా?"

"స్టూడియో క్యాంటీన్. కుళాయి పక్క బల్ల. ఈయన టీ గ్లాసు ఇలా పట్టుకుని ఊదుకుంటున్నారు. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. చెప్పేశాను."

"ఏమని?"

"చెప్పను ఫో. సిగ్గు."

"అక్కా! అదీ సొంత మాట! అదే కావాలి నాకు. ఎవరూ రాసివ్వలేదు కదా అది?"

"ఎవరు రాసిస్తారు? సొంతమే."

"సొంతమేనా?"

"సొంతమే అన్నాను కదా. మళ్లీ మళ్లీ అడుగుతావేంటి?"

"బావగారు ఎందుకు దగ్గుతున్నారు?"

"ఉక్కపోత."

"ఉక్కపోతకి ఎవరైనా దగ్గుతారా? బావగారూ, నా మొహం చూసి చెప్పండి. ఆ రోజు అక్క ఏమన్నారు?"

"వద్దమ్మాయ్. చాలా పాత సంగతి."

"చెప్పండి! ఆ ఒక్కటీ నాదేనని చెప్పండి ఈ పిల్లకి."

"'పక్కన నడిచేంత చోటు అడగను. మీ నీడ పడేంత చోటిస్తే అక్కడే సర్దుకుంటాను' అంది."

"అబ్బ! ఎంత బాగుంది అక్కా!"

"బాగుంది కదూ."

"చాలా బాగుంది. ఇంతకీ బావగారూ... మీ మొహం ఏంటి అలా పెట్టారు?"

"మూడో రీలు."

"ఏమన్నారు?!"

"హీరోయిన్‌ది కూడా కాదు. హీరోయిన్ స్నేహితురాలిది. ఆ వారమే రికార్డు చేశాం."

"మీకు... మీకు తెలుసా?"

"నేనే కదా రికార్డు చేసింది."

"అప్పుడే తెలుసా? గ్లాసు పట్టుకుని ఊదుకుంటున్నప్పుడే?"

"'పక్కన నడిచేంత' అనగానే తెలిసింది."

"తెలిసీ ఇన్నాళ్లూ నోరు మెదపలేదా? చిన్న వేషం కదా, ఎవరికీ గుర్తుండదని నేను... తెలిసీ ఎలా ఒప్పుకున్నారండీ?"

"టేకు బాగుంది."

"టేకు బాగుందా!"

"స్టూడియోలో ఆ ముక్క ఎంతసేపు చెప్పించినా నీకు రాలేదు. పొడిగా వచ్చేది. క్యాంటీన్‌లో ఒక్కసారికే వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు, అది సినిమా కోసం కాదని."

"మరి అప్పుడు ఆ మాట చెప్పొద్దూ? ఒక్క మాట? 'తర్వాతిది' అని కూడా అనలేదు మీరు! తల ఊపి టీ తాగారు!"

"టీ చల్లారిపోతోంది."

"విన్నావా తల్లీ! టీ చల్లారిపోతోందట! ఇంజనీరు గారూ, మీకు తెలుసా, నేను ఆ రోజు బస్సులో దారి పొడుగునా ఏం అనుకుంటూ వచ్చానో? తెలుసా?"

"తెలీదు."

"తెలీదు! మీకు తెలీనిది కూడా ఒకటుంది! 'మీరంటే నాకిష్టం.' అంతే. అదే అనుకుంటూ వచ్చాను. మీరంటే నాకిష్టం, మీరంటే నాకిష్టం, అని. పక్కన కూర్చున్న పెద్దాయన తన్నే అంటున్నాననుకుని లేచి వెనక సీట్లోకి వెళ్లిపోయాడు. అంత... అంతసేపు అనుకుని, తీరా మీ ఎదురుగా నిలబడేసరికి... అది మరీ చిన్నగా ఉంది. చిన్నగా, వట్టిగా... ఎలా చెప్పాలి... వట్టిగా ఉంది. మీరేమో రికార్డింగు గది అద్దం అవతల కూర్చుని పొద్దస్తమానం వన్ మోర్, వన్ మోర్ అనే మనిషి. రాసిచ్చిన మాటకే అంటారు. నా మాటకి అనరా? 'మీరంటే నాకిష్టం' అన్నాక మీరు 'వన్ మోర్' అంటే నేనేం కావాలి? అందుకని... అందుకని ఎవరో రాసింది తెచ్చి చెప్పాను. బాగోకపోతే తప్పు వాళ్లది, నాది కాదు."

"నేను..."

"ఉండండి! ఇంకా అవలేదు. అప్పటి నుంచి అంతే. ఏది చెప్పాలన్నా ముందు లోపల ఒకటి వినిపిస్తుంది, వన్ మోర్ అని. మీరు పక్కన లేకపోయినా వినిపిస్తుంది. ఆమధ్య ఒక హీరోయిన్‌కి అవార్డు ఇచ్చారు చూడండి, నా గొంతుకి, ఆఖరి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఆవిడ అందరి పేర్లూ చెప్పింది. జుట్టు దువ్విన అమ్మాయి పేరు చెప్పింది. కుక్కపిల్ల పేరు చెప్పింది! ఇంటికొచ్చాక మీరు అడిగారు, ఎలా ఉంది అని. నేను ఏదో... ఏదో పెద్ద డైలాగు చెప్పాను."

"'దీపం వెలుగు చూస్తారు గానీ వత్తిని ఎవరు చూస్తారు' అన్నావు."

"అవును, అదే. ఏడవాలని ఉంది నాకు. వట్టిగా ఏడవాలని. డైలాగు చెప్పి వంట చేశాను. ఇప్పుడు ఫోను మోగట్లేదు. విశ్రాంతి లేదు, మన్నూ లేదు. పిలవట్లేదు. వంటింట్లో గిన్నెలు నవ్వుతాయని గిన్నెలతో కూడా మెల్లిగా మాట్లాడుతున్నా. ఆ నాటకాలాయన ఏమన్నాడో తెలుసా? నాటకంలో వన్ మోర్ ఉండదమ్మా అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భయం. తప్పు చెప్తే తప్పే, దిద్దడానికి లేదు, అందరూ చూస్తుంటారు. భయమేసింది. మళ్లీ... మళ్లీ అదే కావాలనిపించింది. ఒక్కసారి. తప్పో ఒప్పో, నేను చెప్పింది చెప్పినట్టు ఉండిపోవాలి. ఎవరూ వన్ మోర్ అనకూడదు. నాకు... అంతే. అయిపోయింది. నీళ్లేవి? ఏంటి, ఇద్దరూ అలా చూస్తారు? నీళ్లడిగాను."

"ఇదిగో అక్కా."

"మంచినీళ్లు కూడా వేడెక్కిపోయాయి ఈ గదిలో."

"బావగారూ."

"ఊఁ."

"ఇది ఏ రీలు?"

"..."

"బావగారూ, మిమ్మల్నే. ఇది ఏ సినిమాలోది?"

"ఇది... ఇది నేను ఎప్పుడూ వినలేదమ్మాయ్."

"నిజంగా?"

"ఈవిడ గొంతులోంచి వచ్చిన ప్రతి ముక్కా నా దగ్గర ఉందనుకున్నాను. ఇది లేదు."

"అక్కా! విన్నారా? రికార్డు తిరుగుతూనే ఉంది. ఇదే పంపిస్తున్నాను, నాటకాలాయనకి. ఒక్క ముక్క కొయ్యను. ఆ బస్సులో పెద్దాయనతో సహా!"

"అయ్యో, ఇదా? వద్దు తల్లీ! చచ్చినంత పని! మాటలు మింగేశాను, మధ్యలో తడబడ్డాను, 'వట్టిగా' అని రెండుమూడుసార్లు అన్నాను. 'స' ఈల వేసింది కూడా. ఏమండీ, మీరైనా చెప్పండి. మీరే ఒప్పుకోరు కదా ఇలాంటిది. ఉండు, గొంతు సవరించుకుని మళ్లీ చక్కగా చెప్తాను. కాస్త ముందునుంచి. మీరంటే నాకిష్టం దగ్గర్నుంచి..."

"వద్దు."

"వద్దా? అంత బాగోలేదా?"

"ఓకే."

"అక్కా, బావగారు ఏమన్నారో విన్నారా?"

"ష్. నువ్వుండు. ఏమన్నారు మీరు?"

"ఓకే అన్నాను."

"మైకు దగ్గరికి రండి. ఇంకా దగ్గరికి. ఊఁ, ఇప్పుడు అనండి."

"ఓకే."

"ఊహూఁ. గొంతు వణికింది, ఇంజనీరు గారూ. వన్ మోర్."